మావయ్య తెచ్చిన బురద

పోయిన నెల ఓ మధ్యాహ్నం అత్త ఫోన్ చేసింది.

"మీ మావయ్య ఎల్లిపోనాడే."

"ఎక్కడ?" అన్నాను. నా నోటివెంట వచ్చిన మొదటి మాట అదే.

"ఇంట్లోనేనే. బువ్వ తిని తొంగున్నాడు. మరి నెగనేదు."

హమ్మయ్య అనుకున్నాను. తప్పుపట్టకండి. మావయ్య ముప్పై ఏళ్లు కలకత్తా మురుగు కాలువల్లోకి దిగిన మనిషి. రిటైరయ్యాక కూడా వానాకాలంలో ఎవరైనా పిలిస్తే వెళ్లేవారు. తోటివాడొకడు మ్యాన్‌హోల్‌లోంచి ప్రాణంతో పైకి రాకపోవడం కళ్లారా చూశారు. అలాంటి మనిషి ఏక్‌బాల్‌పూర్‌ ఇంట్లో సొంత మంచం మీద, కడుపునిండా తిని, నిద్రలో పోయారు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

నా పరిశోధనకు బురద తెచ్చిచ్చింది ఆయనే. మురుగులో బతికే కొన్ని బ్యాక్టీరియా చెత్తను తిని కరెంటు పుట్టిస్తాయి. కార్బన్ గుడ్డను ఎలక్ట్రోడ్‌గా పెడితే దాన్ని అంటిపెట్టుకుని ఎలక్ట్రాన్లను దానికి అందిస్తాయి. బాగా అంటుకోవాలని నేను ఆ గుడ్డకు ఒక పూత పూసేదాన్ని. ఏడాదిపాటు ఎంత పూసినా కరెంటు రాలేదు. ఇక చదువు మానేస్తానని ఒక ఆదివారం ఆయన దగ్గర ఏడ్చాను.

మావయ్య గుడ్డముక్కను వేలితో తడిమారు. "ఇదేటమ్మా, ఇంత నున్నగా పూసీసినావు? పాత ఇటికల కాలవలో పట్టినంత జిడ్డు కొత్త గొట్టంలో పట్టదు. ఆటికి కాలు పెట్టడానికి సోటుండాల కదా?"

నిజమే. మందపాటి పూతతో నేతలోని సందులన్నీ మూసేశాను. పలచగా పూసి మళ్లీ బురదలో పెట్టాను. రోజూ తీసి చూస్తున్నానని తెలిసి కసిరారు: "ఒగ్గీ! కెలికితే ఏటి నిలబడతాది?" వదిలేశాను. రెండు వారాలకు మీటర్లో అంకె కదిలింది. ఆ సాయంత్రం ఖిదిర్‌పూర్ బస్సులో నిలబడే నిద్రపోయాను.

చెప్పుకోవాల్సిన తప్పొకటి ఉంది. బురద ఎవరు తెస్తున్నారని ల్యాబ్‌లో మా గైడ్ సార్ అడిగినప్పుడల్లా "తెలిసినవాళ్లు" అనేదాన్ని. మావయ్యకు ఆ సంగతి తెలుసు. "మురుక్కి సిగ్గునేదమ్మా, మనకే," అని ఒక్కసారి మాత్రం అన్నారు. ఫలితం వచ్చాక సార్ మళ్లీ అడిగారు. ఈసారి చెప్పాను: "మా మావయ్యండి. మురుగు కాలువల్లో పనిచేసేవారు."

"ఇన్నాళ్లూ ఆయన్ని ఎందుకు తీసుకురాలేదు?" అన్నారు సార్. అంతే. ఏడాదిగా నేను భయపడ్డది ఆ ఒక్క ప్రశ్నకా!

మర్నాడే ల్యాబ్‌కి తీసుకెళ్లాను. ఆయన పోవడానికి అప్పటికి మూడు వారాలే ఉన్నాయని నాకేం తెలుసు. ఆలస్యం చేయలేదు, అదే నా అదృష్టం.

చెప్పులు గుమ్మం బయటే విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని మైక్రోస్కోప్ మీదికి వంగారు. రంగు కలిపిన బ్యాక్టీరియా కార్బన్ పోగుల వెంట పచ్చగా మెరుస్తూ కిక్కిరిసి ఉన్నాయి.

"ఇంతమందుండీవోరా లోపల?" అన్నారు. "నానొక్కణ్నే అనుకున్నాను."

సార్ ఆయన కోసం తెచ్చిన టీ కప్పు పట్టుకుని పక్కనే నిలబడ్డారు. మావయ్య ఇంకా కన్ను ఎత్తలేదు.