ఐసుపెట్టెలో చిన్న డబ్బా

ఆ ఊళ్ళో మగవాళ్ళకి కిడ్నీలో రాళ్ళెక్కువ. నెలలో రెండో శనివారం నగరం నుంచి ఒక డాక్టరు వచ్చి కళ్ళద్దాల దుకాణం వెనకగదిలో కూర్చుంటాడు. గుమ్మం పక్కన బోర్డు మీద "కిడ్నీలో రాళ్ళు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని కింద "మగవారిలో సంతానలేమి" అని ఇంకో వరుస ఉంది. ఆ వరుసకి సరిగ్గా అడ్డం వచ్చేట్టు ఎవరో పూలకుండీ పెట్టారు. కుండీలో మొక్క లేదు. దాని పని మొక్కని పెంచడం కాదు.

లోపల బెంచీ మీద కూర్చున్న ప్రతివాడికీ రాళ్ళే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పక్కవాడు అడక్కముందే చెప్పేస్తాడు. ఒక ఏడాది ఈ రాళ్ళ గొడవ మునిసిపాలిటీ దాకా పోతే, వాళ్ళు కొళాయి నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకి పంపారు. నీళ్ళు బాగానే ఉన్నాయని వచ్చింది.

ఐసు ఆ బెంచీ దాకా రావడానికి పెళ్ళయ్యాక ఎనిమిదేళ్ళు పట్టింది.

ఐసంటే ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి. అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి గుర్తింపు కార్డులో ఉంది గానీ, కార్డు అడిగినవాళ్ళు తప్ప ఆ పేరుతో ఎవరూ పిలవరు. పంతొమ్మిదో ఏట చేరాడు, ఇప్పుడు ముప్ఫై ఆరు. ఇనప డబ్బాల్లో మంచినీళ్ళు నింపి ఉప్పునీళ్ళ తొట్టిలోకి దించాలి. మర్నాటికి గడ్డకట్టాక గొలుసుతో పైకి లాగి, మామూలు నీళ్ళల్లో ఒక్క ముంచు ముంచితే దిమ్మ జారి బయటపడుతుంది. ఆ ఒక్క ముంచు ఎంతసేపో అతని చేతికి తెలుసు. ఎడమచేతి చిటికెనవేలికి చివర లేదు. దిమ్మకీ గోడకీ మధ్య పడి తెగిపోయింది. ఆ ముక్కని ఐసులో పెట్టుకునే ఆస్పత్రికి పరిగెత్తాడు. అతకలేదు. "ఐసు తప్పు కాదు, డాక్టరు ఆలస్యం చేశాడు" అంటాడు ఇప్పటికీ.

లోకంలో చెడిపోయేవన్నీ వేడివల్లే చెడిపోతాయని అతని నమ్మకం. చేప, పాలు, పూలు, శవం, ఏదైనా సరే ఐసు పడితే ఆగుతుంది. వేలు సంగతి పక్కన పెడితే పదిహేడేళ్ళుగా ఆ నమ్మకం వమ్ము కాలేదు.

భార్యకి బస్టాండు ఎదురుగా జిరాక్స్ కొట్టు. ఊళ్ళోవాళ్ళ భూమి పత్రాలు, విడాకుల నోటీసులు, రక్త పరీక్షలు అన్నీ ఆమె చేతిమీదుగానే పోతాయి. తలకిందులుగా కూడా చదవగలదు. ఎవరికీ చెప్పదు. చెబితే కొట్టు మూసుకోవాలి.

ఆమె సొంత ఫైలు ఇటిక అంత ఉంటుంది. మూడు ఆస్పత్రులు, ఐదు స్కానింగులు, ట్యూబుల్లోకి మందు పంపి తీసిన ఎక్స్‌రే, చెయ్యంతా సూదులు. అన్నిట్లోనూ చివరిమాట ఒకటే, "బాగానే ఉంది". పిల్లలు మాత్రం లేరు. అత్తగారు ఆ ఫైలు చూసినప్పుడల్లా, "ఇంత లావు పుస్తకం చదివినా పాసవలేదు" అనేది.

ఐసుకి ఫైలు లేదు. ఒక్క కాగితం కూడా లేదు. ఆస్పత్రిలో లేడీ డాక్టరు నాలుగుసార్లు, "మీ ఆయన్నోసారి పరీక్ష చేయించుకోమనమ్మా" అంది. నాలుగుసార్లూ ఐసు, "నేను వెళ్తే ఐసెవరు తీస్తారు?" అన్నాడు. ఫ్యాక్టరీలో ఇంకా ముగ్గురున్నారు.

ఐదోసారి డాక్టరమ్మ బతిమాలలేదు, తారీకు వేసింది. "ఇరవయ్యో తారీకు, గురువారం. పొట్టకి మూడుచోట్ల కన్నం పెట్టి గొట్టంతో లోపల చూడాలి. ఈలోగా మీ ఆయన రిపోర్టు తెచ్చావా, తేడా అందులో ఉందని తేలితే నిన్ను కొయ్యక్కర్లేదు. తేకపోతే నాకింకో దారి లేదు."

ఇంటికొచ్చి ఆమె ఈ మాట చెప్పింది. ఏడవలేదు, అరవలేదు. చీరమీదే వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ, ఇక్కడ, బొడ్డులో."

తింటున్న ఐసు చెయ్యి ఆపాడు. "బొడ్డులో కూడానా?"

"బొడ్డులోనే ముందు."

"మా రోజుల్లో ఏ గొట్టాలూ లేకుండానే ఆరుగుర్ని కన్నాం," అంది అత్తగారు కుర్చీలోంచి.

"ఈ రోజుల్లోనూ మగాళ్ళకి ఏ గొట్టాలూ లేవులెండి అత్తయ్యా," అంది కోడలు కంచాలు తీస్తూ.

ఆ శనివారం, ఎనిమిదో తారీకున, ఐసు బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన కొళాయి మేస్త్రి.

"ఐసన్నా, నువ్వూనా?"

"రాళ్ళు."

"నాకూ రాళ్ళే. ఎన్ని?"

"రెండు."

"నాకు మూడు." మేస్త్రి గోడవైపు చూస్తూ, "నీళ్ళు బాగా తాగమంటున్నారు," అన్నాడు.

"ఊఁ."

తర్వాత ఇద్దరూ గోడమీద కళ్ళ పరీక్ష అక్షరాలు పైనుంచి కిందికి చదువుకుంటూ కూర్చున్నారు.

డాక్టరు నాలుగు నిమిషాలు మాట్లాడాడు. బల్లమీద పడుకోమంటే ఐసు "రిపోర్టు వచ్చాక పడుకుంటా" అన్నాడు. సరే, ముందు వీర్య పరీక్ష చేయించమన్నాడు డాక్టరు. అది ఊళ్ళో చెయ్యరు, నగరంలో ల్యాబుకి పట్టుకెళ్ళాలి. "ఎలా తేవాలో అంతా ఇందులో ఉంది," అంటూ మూతున్న ప్లాస్టిక్ డబ్బా, ఒక కాగితం ఇచ్చాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. ఎవరి కంటా పడకుండా అలా ఇవ్వడం అక్కడి మర్యాద.

ఐసు కూడా మర్యాదస్తుడే. వీధిలో విప్పలేదు. ఇంట్లో అమ్మ ఉంది, అక్కడా విప్పలేదు. ఫ్యాక్టరీలో చూద్దామని చొక్కా జేబులో పెట్టుకుంటే, తొట్టిలో నీళ్ళు చిందిపడి ముద్దయి కూర్చుంది.

ఊళ్ళో ల్యాబులో అడగొచ్చు, కానీ అక్కడ కూర్చునేది మేనమామ కొడుకు. భార్యని అడగొచ్చు, కానీ సరిగ్గా ఏమీ తేలకముందే ఆమెకి చెప్పడమెందుకు? అయినా అసలు అడగడమెందుకు? పాడయ్యే వస్తువుని ముప్పావుగంట బస్సులో ఎలా పట్టుకెళ్ళాలో ఊరంతా వచ్చి తననే అడుగుతుంది.

సోమవారం పొద్దున అమ్మ బజారుకెళ్ళిన సమయం చూసి స్నానాలగదిలో పని కానిచ్చాడు. చేపలవాళ్ళ థర్మోకోల్ పెట్టె అడుగున మెత్తగా కొట్టిన ఐసు రెండువేళ్ళ మందం పరిచి, కవరు చుట్టిన డబ్బా నిలబెట్టి, చుట్టూ ఐసు కూరి, పైన తడి గోనెగుడ్డ కప్పాడు. పదిహేడేళ్ళలో అంత అందంగా ఏదీ కట్టలేదు.

బస్సులో పక్కసీటు మేస్త్రిదే అయింది. అతను కుడిచెయ్యి చొక్కాలోకి దూర్చి, ఎడమ చంకలో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంటన్నా పెట్టెలో?"

"చేప."

"ఏం చేప?"

"చిన్నది."

"నగరానికి చేప పట్టుకెళ్తున్నావా? మనకి చేపలొచ్చేదే అక్కణ్ణించి కదా?"

"ఒకళ్ళకి చూపించాలి."

మేస్త్రి దిగేదాకా చంకలోంచి చెయ్యి తియ్యలేదు. గజ్జి అనుకుని ఐసు కొంచెం జరిగి కూర్చున్నాడు.

బుధవారం ల్యాబువాళ్ళు రిపోర్టు అంటించిన కవర్లో బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపారు. ఐసు దాన్ని ఫ్యాక్టరీలో చల్లగదిలోకి తీసుకెళ్ళి, దిమ్మల మధ్య నిలబడి చించాడు. వీర్యకణాల కదలిక సున్నా శాతం. మళ్ళీ మడిచేశాడు. అవసరమైన ముక్క చదివాక మిగతాది చదివే అలవాటు అతనికి లేదు.

అక్కణ్ణించి వారం రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. రిపోర్టు చూపిస్తే ఆమెని కొయ్యరు. కానీ ఊరికి తెలుస్తుంది. ఊరికి తెలియకపోయినా అమ్మకి తెలుస్తుంది, అమ్మ ఊరికంటే పెద్దది. చూపించకపోతే మూడు కన్నాలు. శుక్రవారం "కన్నాలు చిన్నవేలే" అనుకున్నాడు. శనివారం దిమ్మ కాలిమీద పడేసుకున్నాడు. ఆదివారం అమ్మ ఎవరితోనో ఫోన్లో, "మావాడికేం, బండరాయిలా ఉన్నాడు, ఆ పిల్లదే ఏదో…" అంటుంటే వింటూ అక్కడే నిలబడ్డాడు. బండరాయి నోరు విప్పలేదు.

మంగళవారం భార్య ఆస్పత్రి ఫారం తెచ్చి ముందు పెట్టింది. ఆపరేషన్లో ఏదైనా జరిగితే మాదే బాధ్యత అని రాసుంది. "ఇక్కడ మీ సంతకం. నేను లేని రెండ్రోజులూ కొట్టు మూసేస్తున్నా, బోర్డు రాసిపెట్టా."

ఐసు పెన్ను పట్టుకున్నాడు. సంతకం గుర్తింపు కార్డులో పేరుతో పెట్టాలి. మొదటి అక్షరం కూడా రాలేదు.

"రేపు పెడతా."

"ఎల్లుండే ఆపరేషను."

"రేపు పెడతానన్నాగా."

బుధవారం మధ్యాహ్నం జిరాక్స్ కొట్లో ఇద్దరు నిలబడి ఉంటే, ఐసు వాళ్ళ వెనక నిలబడ్డాడు. తన వంతు వచ్చాక కాగితం ఇచ్చాడు. "ఒక కాపీ."

ఆమె మొగుడి మొహం చూసింది. మూతెత్తి కాగితం బోర్లించింది, మీట నొక్కింది. వెలుగు ఇటునుంచి అటు పోయింది. కాపీ బయటికొస్తుంటే అలవాటుగా చదివింది. ఐసు పిన్నుల డబ్బాలో పిన్నులు చూస్తున్నాడు.

"ఎప్పుడొచ్చింది?"

"పోయిన బుధవారం."

"వారం."

"ఊఁ."

"రేపు పొద్దున నేను బల్ల ఎక్కుతున్నా."

"అందుకే తెచ్చా."

ఆమె కాపీని మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఈసారి చివరిదాకా చదివింది.

"మీరు మొత్తం చదివారా?"

"సున్నా చదివా."

"సున్నా కింద?"

"సున్నా కింద ఇంకేముంటుంది?"

"'నమూనా అందినప్పటి స్థితి: మంచులా చల్లగా. ఈ ఫలితం నమ్మదగింది కాదు. మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి.'" ఆమె తలెత్తింది. "దేంట్లో పట్టుకెళ్ళారు?"

"పెట్టెలో."

"ఏ పెట్టె?"

ఐసు పిన్నుల డబ్బా మూత పెట్టాడు.

"ఐసు వేశారా?"

"వెయ్యకపోతే పాడవదూ?"

నవ్వో ఏడుపో తేలక ఆమె మొహం ఒక్కక్షణం వంకర తిరిగింది. గొంతు మాత్రం పెరగలేదు, అవతల రోడ్డుమీద మనుషులున్నారు. "ఎనిమిదేళ్ళుగా నన్ను అన్ని గొట్టాల్లోంచీ చూశారు. మీరు జన్మకో పరీక్షకెళ్ళి, దాన్నీ చేపల పెట్టెలో పెట్టి చంపుకొచ్చారు."

అరలోంచి ఒక కాగితాల కట్ట తీసి బల్లమీద కొట్టింది. "ఆ రాళ్ళ డాక్టరుకి నెలనెలా ఇవి వంద కాపీలు తీసిచ్చేది నేనే. మూడో లైను చదవండి. పైకి."

ఐసు చదివాడు. "'గంటలోపు అందించాలి. ఒంటి వేడి తగిలేలా చంకలో గానీ, లోపలి జేబులో గానీ ఉంచాలి. ఫ్రిజ్జులో, ఐసులో పెట్టరాదు.'" ఆగాడు. "అయితే వాడికి గజ్జి కాదన్నమాట."

"ఎవడికి?"

"ఎవడికీ కాదులే."

ఆమె ఆస్పత్రి ఫారం తీసి, రెండోవైపు ఖాళీగా ఉందో లేదో చూసి, చిత్తుకాగితాల దొంతరలో పెట్టింది. "ఈ రిపోర్టు డాక్టరమ్మకి మీరే ఇచ్చి రండి. నేను రాను."

వెళ్ళాడు. ఇరవైమంది ఆడవాళ్ళ మధ్య ఒక్కడే మగాడు, గంటన్నర. ఏ బోర్డూ లేదు, ఏ కుండీ లేదు, రాళ్ళని చెప్పడానికి వీల్లేదు. డాక్టరమ్మ చదివి, "ఐసులోనా?" అంది. మళ్ళీ చదివి, "ఐసులోనా?" అంది. తర్వాత, "మళ్ళీ సరిగ్గా చేయించాకే చూద్దాం" అంటూ ఇరవయ్యో తారీకు కొట్టేసింది.

మరుసటి వారం నగరానికెళ్ళి ల్యాబులోనే ఇచ్చాడు. అక్కడ దానికో గది ఉందన్నారు. అది చీపుళ్ళు పెట్టుకునే గది, గడియ పడదు. లోపలున్నంతసేపూ ఒక కాలు తలుపుకి అడ్డం పెట్టుకున్నాడు. ఈసారి సున్నా రాలేదు. పదకొండు శాతం కదులుతున్నాయి, మొత్తం మీద చాలా తక్కువ.

ఆ పై నెల రెండో శనివారం రాళ్ళ డాక్టరు బల్లమీద పడుకోబెట్టి చూశాడు. వృషణాల దగ్గర నరాలు ఉబ్బాయన్నాడు. చిన్న ఆపరేషను. చేస్తే అవకాశం పెరగొచ్చు, పెరక్కపోవచ్చు, హామీ ఇవ్వలేను. ఇక్కడ చెయ్యరు, నగరానికి రావాలి.

"ఎన్ని కన్నాలు?" అని అడిగాడు ఐసు.

"కన్నాలు కాదు, ఒక చిన్న కోత."

"బొడ్డులోనా?"

"కొంచెం కింద."

బయల్దేరే రోజు పొద్దున ఐసు సంచీలో లుంగీ, తువ్వాలు సర్దుకుంటుంటే అమ్మ వచ్చి నిలబడింది. భార్య గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటోంది.

"ఆపరేషను ఆ పిల్లకే కదరా, నువ్వు బట్టలు సర్దుతావేం?"

"నాకమ్మా ఆపరేషను."

"నీకా? ఏం, రాళ్ళా?"

అడక్కుండానే అందించింది. తీసుకుంటే చాలు. ఊళ్ళో అందరూ తీసుకున్న మాటే. భార్య రెండో చెప్పు వేసుకోకుండా ఆగింది.

"రాళ్ళు కాదు," అన్నాడు ఐసు. "పిల్లలు లేంది నావల్ల. ఆమెలో ఏం లేదు. ఫైలంతా అదే రాసుంది, మనమే చదవలేదు."

అమ్మ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ ఐసు ఫ్యాక్టరీలో చేరొద్దురా అని అప్పుడే మొత్తుకున్నా. చలికి పాడై ఉంటాయి," అంది.

"ఐసు తప్పు కాదు," అన్నాడు అలవాటుగా. తర్వాత ఎవరి తప్పో చెప్పబోయి, ఇప్పుడే చెప్పాను కదా అని ఊరుకున్నాడు.

అమ్మ కోడలివైపు తిరిగింది. "వాడికైతే మరి నువ్వెందుకు బయల్దేరావు?"

"ఫారం మీద సంతకం పెట్టాలిగా అత్తయ్యా," అంది కోడలు రెండో చెప్పు వేసుకుంటూ. "ఈసారి నాది."