చాసిస్ ప్రింట్ తీసిన యుద్ధ ట్యాంకు

బాన్సువాడలో నాది పాత ట్రాక్టర్లు కొని అమ్మే దుకాణం. ఈ ప్రయాణానికి కారణం చాయ్ హోటల్లో పడిన ఒక మాట. ఫౌజులో ట్యాంకు డ్రైవర్‌గా చేసి వచ్చిన ఖాజా చిచ్చ, తాను నడిపిన విజయంత ట్యాంకు మన దేశంలో తయారైందని చెబుతున్నాడు. సొంత ట్రాక్టర్‌తో సేద్యం కూడా చేసే వడ్ల వ్యాపారి రాజన్న ఫోన్‌లో ఇంగ్లండ్ ట్యాంకు ఫొటో తీసి చూపించాడు.

"రెండు ఒక్క తీరే ఉన్నయ్ కద చిచ్చా. ఇంగ్లండోళ్ల బండి నడిపి మనదంటవేంది?"

అందరూ నవ్వారు. చిచ్చ వారం రోజులు హోటల్ వైపు రాలేదు. నాకు మండింది. సికింద్రాబాద్‌లో ఒక పార్కులో విజయంతను పెట్టారని తెలిసి, ఆయన్ని బయలుదేరదీశాను.

పొద్దున ఆరింటి బస్సు, టికెట్ మూడు వందల లోపే. పదిన్నరకు దిగి ఆటో ఎక్కి "ట్యాంక్ కాడికి పోనియ్యన్నా" అంటే, అతను నేరుగా ట్యాంక్‌బండ్ మీద ఆపాడు. చిచ్చ హుస్సేన్‌సాగర్ నీళ్లను చూసి, "తోపు గొట్టం ఏడున్నదిరా దీనికి?" అన్నాడు. ఆటోవాలా నవ్వి బండి తిప్పాడు. నూట ఎనభై తీసుకున్నాడు.

పార్కులో చిచ్చ ట్యాంకు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "నక్షా వాళ్లదే, డిజైన్ అంత ఇంగ్లండ్‌ల గీసిందే. బయటికెల్లి చూస్తే నేను గూడ చెప్పలేను. తయారీ పట్టీ సూడాలె, ఏడ చేసిన్రో దాని మీద ఉంటది." పట్టీ దొరికింది కానీ పచ్చరంగు పూతల కింద అక్షరాలు పూడిపోయాయి. ఆయన అక్కడే కూలబడ్డాడు.

ట్రాక్టర్ ఓనర్ పేరు మార్చేటప్పుడు చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ప్రింట్ తీయడం నాకు రోజూ ఉండే పనే. జేబులోంచి పెన్సిల్, కాగితం తీసి పట్టీ మీదికి వంగాను.

"గీకుడు నడవదు," అన్నాడు వాచ్‌మన్.

"గీకం అన్నా, కాగితం మీద రుద్దుతం. నిషాన్ గూడ పడదు."

రుద్దుతుంటే ఇంగ్లిష్‌లో ఐదు అక్షరాలు తేలాయి: ఆవడి. చెన్నై పక్కన మన ట్యాంకుల ఫ్యాక్టరీ ఉన్న ఊరు. చిచ్చ ఆ కాగితాన్ని మడత పడకుండా టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాడు.

మర్నాడు హోటల్లో దాన్ని రాజన్న ముందు పరిచాడు.

"నక్షా అయితే వాళ్లదే కద," రాజన్న వదల్లేదు.

"నీ ట్రాక్టర్ నక్షా ఏ దేశందో ఎన్నడన్న అడిగినవారా? దున్నేటప్పుడు నీదే అంటివి."

ఈసారి అందరూ రాజన్నను చూసి నవ్వారు.

గీత ఎవరు గీసినా, ఇనుము అతికించిన చేతులు, దాన్ని నడిపిన చేతులు మనవైతే ఆ బండి మనదే. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. మీరూ వెళ్తే రంగూ ఆకారం చూసి తీర్పు చెప్పకండి, పట్టీ వెతకండి. పలచటి కాగితం, మెత్తటి పెన్సిల్ తీసుకుని, వాచ్‌మన్‌ను అడిగి, పన్నెండు లోపు పని ముగించండి. ఎండెక్కితే ఆ ఇనుము చెయ్యి పెట్టనివ్వదు.