మొక్కు జుట్టు కింద మచ్చ

గుండు కొట్టించుకోవడం మీద నేను తిరుపతిలో ఎక్కని వేదిక లేదు. చచ్చిన వెంట్రుకలు ఇవ్వడం ఏం త్యాగమని గొంతు చించుకునేవాణ్ణి. మైకు పాడైతే చేతులతో వాదించేవాణ్ణి.

వడమాలపేట దగ్గర మామిడితోట ఉన్న మా మేనమామ ఆ సభలకు ఎన్నడూ రాలేదు. ఒక వేసవిలో అత్త ఫోన్ చేసింది.

"మీ మామకు నూనె పెడతావుంటే నడినెత్తిన మచ్చ తగిలిందబ్బా. ముందు మినపగింజంత ఉండె. ఇప్పుడు చింతగింజంత అయింది. దువ్వెన తగిలితే నెత్తురొస్తా ఉండాది. నా మాట వినడు, నువ్వొచ్చి సూడు."

వెళ్లి చూశాను. అంచులు చెదిరి, ఒకపక్క నలుపు, ఒకపక్క ఎరుపు.

"నడినెత్తిన మచ్చుంటే రాజయోగంరా" అన్నాడు మామ. "అది పెరిగినాకనే బోరులో నీళ్లు పడినాయి. నా యోగం పెరిగితే నీకేందిరా కడుపుమంట?"

కూర్చోబెట్టి చెప్పాను. చర్మంలో ఏ కణమూ తనంతట తానుగా పెరగదు. పక్కనుంచి కబురు రావాలి. అది కణం పైపొరకు తగిలి, లోపల చేతులు మారుతూ నడిమధ్యకు చేరితేనే ఆ కణం రెండవుతుంది. చాలించమనే కబుర్లూ ఉంటాయి. ఆ దారిలో ఒక చెయ్యి చెడితే, కబురు రాకపోయినా వచ్చిందనే పనిచేస్తుంది.

మామ ఆవులించాడు. ఇంతలో తోటలో మోటారు ఆగింది. ఆయన షెడ్డులోకి వెళ్లి, స్టార్టర్‌లో వేపపుల్ల ఇరికించి వచ్చాడు. కరెంటు తేడా వస్తే మోటారు కాలకుండా స్టార్టర్ తనే పడిపోయి దాన్ని ఆపేస్తుంది. మా రైతులు దానికి పుల్ల పెట్టి నోరు మూయిస్తారు.

"అదే మామా! పుట్టుమచ్చలో పెరగమనే స్విచ్ అతుక్కున్నా, మామూలుగా ఇంకొకటి దాన్ని ఆపుతాది. అందుకే ఏళ్లపాటు మినపగింజంతే ఉంటాది. నీ మచ్చలో ఆ ఆపేదానికి పుల్ల పడినట్టుండాది."

మామ మొహం మారింది. పుల్ల పెట్టిన మోటారు ఆయనకు అంతకుముందే ఒకటి కాలింది.

"కాలిపోతాదా?"

"పక్క చేలకూ పాకతాది."

మర్నాడు తిరుపతిలో చర్మవ్యాధుల డాక్టరమ్మ చూసి, చుట్టూ జుట్టు తీసి మచ్చ కోసి పరీక్షకు పంపాలంది. నర్సు కత్తెర తీయగానే మామ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఇది మొక్కు జుట్టు తల్లీ. బోరు పడితే తలనీలాలిస్తానని మొక్కినాను. కొండమీద తప్ప యాడా కత్తెర తగలకూడదు. కాయ కోతలయినాక పోయొస్తా."

"అన్నాళ్లు ఆగకూడదు" అంది డాక్టరమ్మ.

వరండాలో నా ఉపన్యాసాలన్నీ వల్లించాను. మామ నెత్తిమీది చేతులు తీయలేదు. చివరికి నా నోటివెంటే వచ్చింది:

"సరే, రేపే కొండకు పోదాం పా!"

మామ నావైపు చూశాడు. "నువ్వూ కొట్టించుకుంటే వస్తా." ఎగతాళి అనుకున్నాను. "ఒక్కణ్ణే అంటే భయంగా ఉండాదిరా" అన్నాడు.

కొండమీద క్షురకుడు మచ్చను తప్పించి, పసిబిడ్డకు చేసినట్టు చేశాడు. నాకు మాత్రం గడ్డి కోసినట్టు కోశాడు. బయటికొస్తుంటే నా సభల్లో ముందు వరసలో కూర్చునే మనిషి ఎదురయ్యాడు.

"సార్, మీరూనా?"

"వైద్యానికొచ్చినాడప్పా, వైద్యానికి" అన్నాడు మామ.

కొండ దిగి ఆస్పత్రికి పోతే, రెండు గుండ్లను చూసి డాక్టరమ్మ రోగి ఎవరని అడిగింది. ఎందుకైనా మంచిదని నాదీ వెతికింది. "మీ తలలో ఏమీ లేదు సార్."

"ఆ సంగతి వీళ్లమ్మకు ఎప్పుడో చెప్పినా" అన్నాడు మామ.

మచ్చ కోసి పంపింది. రిపోర్టు వచ్చేదాకా మామ యోగం మాట ఎత్తలేదు. ఆమె భయపడినట్టే చర్మ క్యాన్సరు. కానీ చర్మం పైపొర దాటి కిందికి దిగలేదు. చుట్టూ మరికొంత కోసి, మళ్లీ మళ్లీ చూపించుకోమంది.

ఇంటికి వస్తూ మామ వెంకన్నకు దండం పెట్టుకున్నాడు. నేను డాక్టరమ్మ కత్తిని పొగిడాను. తోట చేరేదాకా ఇద్దరం తగ్గలేదు.

దిగగానే ఆయన షెడ్డులోకి వెళ్లి వేపపుల్ల పీకి అవతల పారేశాడు. మోటారు ఆగిపోయింది.

"నీళ్లు ఆగిపోయినాయి!" అని అత్త వంటింట్లోంచి కేకేసింది.

"ఆగనీలే" అన్నాడు మామ, గుండు తడుముకుంటూ.