కూర్చోమనడం మరిచిన మేస్త్రి

క్వెజోన్ తీరాన మా ఊరి బడిలో ఏడో తరగతి పిల్లలంతా ఏదో ఒక చేతిపని ఎంచుకోవాలి. వడ్రంగానికి పదిమందైనా పేరివ్వకపోతే ఆ షెడ్డు మూసేస్తారట. అందుకే పిల్లలకు పని చూపించమని టీచరమ్మ పడవలు చేసే మాంగ్ ఉస్తింగును పిలిచింది. నాలుగో తరగతితో బడి మానేసిన ఉస్తింగ్ ఆ పొద్దున మూడుసార్లు తల దువ్వుకున్నాడు.

"మన పెళ్లినాడు కూడా నీకింత సోకు లేదయ్యా!" అంది భార్య బెసింగ్.

అతను షెడ్డులోకి రాగానే ముప్పైమందీ లేచి, "మాగండాంగ్ ఉమగా పో!" అని శుభోదయం చెబుతూ రాగం తీశారు. వచ్చిన పెద్దమనిషి కూర్చోమనేదాకా పిల్లలు కూర్చోరు, అది బడి మర్యాద. ఆ మాట అనాల్సింది తనేనని ఉస్తింగుకు తోచలేదు. చిత్రిక పని నిలబడే కదా నేర్చుకోవాలి అనుకొని తెడ్డు చెక్కడం మొదలుపెట్టాడు.

నిలబడి కాళ్లు పీకిన పిల్లలు ఒక్కొక్కరే బల్ల చుట్టూ చేరారు. పొట్టు చుట్టలు చుట్టలుగా లేస్తుంటే ఒకమ్మాయి దాన్ని చెవికి తగిలించుకుంది.

"నాకోసారి చిత్రిక ఇవ్వు తాతా!"

"పోవే, ముందు నేను!"

గంట కొట్టాక టీచరమ్మ నవ్వాపుకోలేక, "మీరు వీళ్లను కూర్చోమననే లేదు!" అంది.

ఉస్తింగ్ నాలిక్కరుచుకున్నాడు. "అయ్యయ్యో, కూర్చోండర్రా!"

ఎవరూ కూర్చోలేదు. పేర్లు రాయించుకోవడానికి వరసకట్టారు. టీచరమ్మ రెండో కాగితం తీయాల్సి వచ్చింది.