సుగుణక్క అనని మాట

నిన్న పొద్దున్న ఏడింటికి సుగుణక్క పోయిందన్న కబురు వాట్సాప్‌లో వచ్చింది.

చెప్పింది సుగుణక్క గొంతే.

"పిల్లలూ, నేను మీ సుగుణ టీచర్‌ని. ప్రభువు సన్నిధికి చేరాను. ఏడవకండి. మన సినిమాలు చూస్తూ ఉండండి."

వెనక మ్యూజిక్. తెర మీద బొమ్మ దేవదూతలు. కింద సబ్‌స్క్రైబ్ బటన్.

ఒక్క క్షణం నాకు చావు కబురు ఎక్కనే లేదు. అక్కకి గొంతు తిరిగొచ్చిందనుకుని సంతోషపడ్డాను.

రెండేళ్ళ కిందట గొంతు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి అక్క ఒక్క మాట మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపించేది.

బందరులో వాళ్ళమ్మాయికి ఫోన్ చేశాను. కబురు నిజమే. తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. వీడియో సంగతి ఆ అమ్మాయికి తెలియదు. ఆమెని ఎవరూ అడగలేదు.

అక్క గురించి తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

సుగుణక్క చిలకలపూడిలో ఉండేది. రిటైర్డ్ స్కూల్ టీచర్. ఎండాకాలం సెలవుల్లో చర్చిలు పిల్లలకి బైబిల్ తరగతులు పెడతాయి కదా, అక్కడ కార్టూన్ సినిమాలు వేసేది. అవన్నీ ఇంగ్లిష్‌లో ఉండేవి. కిటికీలకి గోనెపట్టాలు కట్టి, గోడకి దుప్పటి కట్టి, సౌండ్ తీసేసి, పక్కన నిలబడి అందరి మాటలూ తనే చెప్పేది.

నేను మొదటిసారి చూసింది గుడివాడ దగ్గర. మా పేపర్ జిల్లా పేజీకి చిన్న ఐటమ్ రాద్దామని వెళ్ళాను. యోనా కథ నడుస్తోంది. దేవుడు నీనెవె వెళ్ళమంటే యోనా తప్పించుకుని ఇంకో ఊరి ఓడెక్కుతాడు. అక్క గొంతు మార్చి, "ఏవండీ, ఈ ఓడ నీనెవె మీంచి వెళ్ళదు కదండీ? హమ్మయ్య. అయితే ఒక టికెట్ ఇవ్వండి" అంది. పిల్లలతో పాటు వాళ్ళ అమ్మమ్మలు కూడా నవ్వారు.

నేను నోట్‌బుక్ మూసేసి సినిమా చూశాను.

జలప్రళయంలో ఓడెక్కినవాళ్ళు తప్ప అందరూ మునిగిపోయే నోవహు కథ మాత్రం వేరేగా నడిపేది. దివిసీమలో ఆ సినిమా వేసినప్పుడల్లా, ఓడ తలుపు మూసుకుని నీళ్ళు పైకి లేచే చోట పాజ్ నొక్కేది. మీ ఇంట్లో డెబ్భై ఏడు ఉప్పెనకి పోయినవాళ్ళ పేర్లు చెప్పండి అనేది. పిల్లలు ఒక్కొక్కరే లేచి, తామెప్పుడూ చూడని తాతమ్మల పేర్లు, పెదతాతల పేర్లు చెప్పేవాళ్ళు. టీచర్ అడుగుతుందని ముందే ఇంట్లో కనుక్కుని వచ్చేవాళ్ళు. అన్ని పేర్లూ అయ్యాకే మళ్ళీ ప్లే.

ఇదెందుకని అడిగాను.

"ఓడ బయట ఉన్నవాళ్ళకీ పేర్లుంటాయి కదా తమ్ముడూ" అంది.

తర్వాత హైదరాబాద్ కంపెనీ ఒకటి ఈ కథలే తెలుగులో తీస్తూ అక్క చేత డబ్బింగ్ చెప్పించింది. నోవహు సినిమా చివర ఒక డైలాగ్ రాసిచ్చారు. "చూశారా పిల్లలూ, మాట విననివాళ్ళందరూ ఇలాగే మునిగిపోతారు."

అక్క చెప్పనంది. మళ్ళీ మళ్ళీ అడిగారు. అయినా చెప్పనంది. ఆ లైన్ లేకుండానే సినిమా వచ్చింది.

ఆపరేషన్ అయిన ఏడాదికి అదే సినిమా కొత్త బొమ్మలతో మళ్ళీ తీశారు. పాత రికార్డింగుల్లోంచి ఏఐతో అక్క గొంతు తయారు చేసుకున్నారు. ఈసారి ఆ డైలాగ్ ఉంది.

అక్క గొంతులో.

దివిసీమలోనే కోడూరు వైపు మేరీ అని, చిన్నప్పుడు అక్క తరగతుల్లో కూర్చున్న అమ్మాయి ఉంది. ఇప్పుడు ఆమెకో కూతురు. ఆ పిల్ల సినిమా చూసి, ఉప్పెనలో పోయిన మన తాతమ్మ ఎవరి మాట వినలేదమ్మా అని అడిగిందట. మేరీ బస్సెక్కి నేరుగా అక్క ఇంటికి వచ్చి నిలదీసింది.

అక్క పలక అందుకుని "నేను అనలేదు" అని రాసింది.

మేరీ నమ్మలేదు. చెవులారా విన్నది మరి.

కంపెనీకి ఉత్తరం నేనే రాసిపెట్టాను. అక్క అడిగింది ఒక్కటే. నేను అనని మాట నా గొంతులోంచి తీసేయండి. మేనేజర్‌కి ఫోన్ కూడా చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. "వాయిస్ మా దగ్గరుంది కదండీ, ఇంక ఆవిడకి శ్రమెందుకు? ఒక రకంగా ఆవిడకిది ఆశీర్వాదమే" అన్నాడు.

జవాబు రానిచ్చి వార్త రాద్దామని ఆగాను. జవాబు రాలేదు. నేనూ రాయలేదు. ఈ అసహ్యంలో నా వాటా నాకుంది.

నిన్న సాయంత్రం సమాధుల తోటకి ఆ మేనేజర్ వచ్చాడు. పెద్ద పూలదండ, వెంట ఒక కెమెరామాన్. పాస్టర్ గారి ప్రార్థన అవగానే మైక్ స్పీకర్‌కి ఫోన్ తగిలించి పొద్దుటి ఆడియో పెట్టాడు. పెట్టె ఇంకా గుంటలోకి దించలేదు. అందులో ఉన్న మనిషి "ఏడవకండి" అంటోంది. అక్క మనవరాలు తల్లి చెంగులో మొహం దాచుకుంది. కెమెరా ఆ పిల్ల వైపు తిరిగింది.

ఇంత త్వరగా ఎలా చేశారని కెమెరామాన్‌ని పక్కకి పిలిచి అడిగాను. పోయిన నెల అక్క ఆస్పత్రిలో చేరినప్పుడే చేసి ఉంచారట.

ముప్పై ఏళ్ళుగా చావుల దగ్గర నిలబడి నోట్స్ రాసుకున్నవాణ్ణి. నిన్న నోట్‌బుక్ బయటికి తియ్యలేదు.

అప్పుడు వెనకనుంచి మేరీ వచ్చింది. ఫోన్ తీసుకుని పాజ్ నొక్కింది. మేనేజర్ ఏదో అనబోయాడు. అతని వైపు చూడనైనా లేదు. పెట్టె పక్కన నిలబడి, చిన్నప్పుడు తరగతిలో లేచి చెప్పినట్టే చెప్పింది.

"సుగుణ టీచర్."

వెనక ఇంకెవరో అందుకున్నారు. సుగుణ టీచర్. ఆ పక్కన ఇంకొకరు. దివిసీమ నుంచి వచ్చినవాళ్ళంతా, ఒక్కొక్కరే.

చివరి మనిషి చెప్పేదాకా ఆ ఫోన్ ఎవరూ ముట్టుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు మేరీ నాతో అంది, "పోయిన మనిషి మాట్లాడుతుంటే అప్పుడు తెలిసిందండీ. ఆ సినిమాలో అన్నది కూడా టీచర్ కాదు. పలక మీద రాసిందే నిజం."

ఆ వీడియో మీకు వస్తే దయచేసి ఇంకొకరికి పంపకండి.

అక్కా, ఆ మాట నువ్వు అనలేదు. ఇక ఎవరూ నీ చేత ఏమీ అనిపించలేని చోట, ప్రశాంతంగా పడుకో.