కాగితం వద్దన్న నిర్మలక్క

హుకుంపేట అవతల మా మెన్నొనైట్ క్రైస్తవ సంఘం చరిత్ర చెప్పమంటే పెద్దలు పాస్టర్ల పేర్లతో మొదలుపెడతారు. నేను నిర్మలక్కతో మొదలుపెడతాను. మా చర్చి ఆమె రెక్కల కష్టంతో వచ్చింది, ఆమె నమ్మకం వల్లే పోయింది.

నిర్మలక్కకి కాస్త కాఫీ తోట, రెండు మేకలు ఉండేవి. మొగుడు పోయాక ఒక్కతే బతికింది. ఆమే, ఆమె నేస్తం హేమలతా ఒకే రోజు గెడ్డలో, అంటే మా వాగులో, దిగి బాప్తిస్మం తీసుకున్నారు. అప్పట్నుంచీ సంతకి పోయినా, చోళ్ళు, అదే రాగులు, కోసినా ఇద్దరూ కలిసే. మా సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్లకి ముందు ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతాం. ఆడవాళ్ళకి ఆడవాళ్ళు, మగవాళ్ళకి మగవాళ్ళు. హేమలత కాళ్ళు ఎప్పుడూ నిర్మలక్కే కడగాలి. ఇంకెవరైనా ముందుకొస్తే నిర్మలక్క మొహం చిట్లించేది.

మొదట్లో ఆరాధన నిర్మలక్క వసారాలోనే జరిగేది. వానొస్తే సగం మందిమి తడిసేవాళ్ళం. ఒక ఆదివారం హేమలత లేచి, రోడ్డు పక్కనున్న తన స్థలం చర్చికి ఇస్తానంది. అందరం చప్పట్లు కొట్టాం. పెద్దల్లో గాసి మావయ్య ఒక్కడే కాగితం రాయించుకుందామన్నాడు. నిర్మలక్క అంతెత్తున లేచింది.

"మనం ఒట్టెయ్యం గదా మావా! హేమని కాగితం అడిగితే దాన్ని ఒట్టెయ్యమన్నట్టే. దాని మాట సాలు."

నిజమే, మేం ఒట్టు పెట్టం. చుట్టూ ఊళ్ళవాళ్ళు కొండదేవత మీద ఒట్టేస్తారు. మేం మాత్రం ఉన్నదున్నట్టు చెప్పి ఊరుకుంటాం. పాత పాస్టరు గారు నేర్పిన పాఠం అది. దాన్ని తీసుకెళ్ళి స్థలానికి తగిలించాం. అంత తెలివైనవాళ్ళం మరి!

నిర్మలక్క గెడ్డలోంచి రాళ్ళు మోసింది. మేకలమ్మి పైకప్పు రేకులు తెప్పించింది. మొగుడు పోయినప్పుడు గుడ్లనీరు కుక్కుకున్న మనిషి, కొత్త చర్చిలో మొదటి పాటకే భోరుమంది.

తర్వాత అరకు చాలక టూరిస్టులు మా వైపుకీ రావడం మొదలుపెట్టారు. విశాఖ నుంచి ఒకాయన టెంట్లు వేస్తానంటూ రోడ్డు వెంట స్థలాలు చూసుకుంటూ తిరిగాడు. ఏజెన్సీలో భూమి గిరిజనుల పేరు మీదే ఉండాలి కాబట్టి ఆయనకొక పేరు కావాలి. హేమలత కొడుకు తరుణ్ పేరు, దాంతోపాటు మా చర్చి స్థలం దొరికాయి. ఇవేవీ మాకు అప్పుడు తెలియవు.

పోయిన ఈస్టరుకి ముందు ప్రభు బల్ల జరిగింది. నిర్మలక్క మోకాళ్ళ మీద కూర్చుని హేమలత మడమల పగుళ్ళలో మట్టి పోయేదాకా రుద్ది కడిగింది. "బేగి కానియ్యే" అని విసుక్కుంది హేమలత. పండగ వెళ్ళిన మర్నాడు చర్చికి కొత్త తాళం పడింది. మా బెంచీలు బయట మంచులో తడుస్తున్నాయి. ఇప్పుడది టూరిస్టుల భోజనాల హాలు. ఆ దారిన వెళ్ళాల్సి వస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

కోర్టుకి వెళ్ళినా చూపించడానికి మా దగ్గర ఏముంది? కోపమంతా నిర్మలక్క మీదికే మళ్ళింది. నీ వల్లే ఇదంతా అని మొహం మీదే అన్నారు. ఆమె అన్నిటికీ తలొంచింది గానీ, హేమలతని అంటే మాత్రం ఊరుకోలేదు.

"దానికి తెలీదు. ఆ గుంటడే అంతా సేసేసుంటాడు. తెలిస్తే నా సేత కాళ్ళు కడిగించుకుంటాదేటి?"

ఆ ఒక్క మాట పట్టుకునే బతికింది.

మళ్ళీ బల్ల నిర్మలక్క వసారాలోనే పెట్టుకున్నాం. ఎవరూ అనుకోలేదు, హేమలత వచ్చింది. ఎవరూ పలకరించలేదు. నిర్మలక్క మొహం మాత్రం వెలిగిపోయింది. బేసిన్‌లో నీళ్ళు తెచ్చి ముందు కూర్చుంది. అందరికీ వినబడాలనే గట్టిగా అడిగింది.

"హేమా, ఆ రోజు నాను నీ కాళ్ళు కడిగినప్పుడు నీకీ సంగతి తెలీదు గదే? ఈళ్ళందరికీ సెప్పు."

హేమలత కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"తెల్సే. అప్పటికే నా సంతకం అయిపోనాది."

నిర్మలక్క తడి చేతులు చీరకి తుడుచుకుంది.

"తెలీదని సెప్పొచ్చు గదే" అంది. "నాను నమ్మీదాన్ని."