పులుపు లేని పచ్చడి

రేపల్లెలో రాహేలు కోడిపచ్చడికి మంచి పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు. ముక్కల్లో నీరంతా ఇగిరేదాకా ఓపిగ్గా వేయిస్తుంది. పొయ్యి మీంచి దించి, పూర్తిగా చల్లారాకే నిమ్మరసం కలుపుతుంది. ఆఖరున ఒక ముక్క నోట్లో వేసుకుని, సరే అనుకున్నాకే సీసాలకెత్తుతుంది.

పచ్చళ్లు పెట్టేవాళ్లకు తెనాలిలో శిక్షణ ఇచ్చిన మేడమ్ మాటలు ఆమెకు ఇప్పటికీ దడే. "మాంసం పచ్చట్లో పులుపు రుచి కోసం కాదమ్మా, ప్రాణం కోసం. అది చాలకపోతే నూనె కింద, గాలి తగలని చోట, క్రిములు విషం పుట్టిస్తాయి. వాసన రాకపోవచ్చు, రంగు మారకపోవచ్చు. తిన్నవాళ్లకి రెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనపడుద్ది."

ఈ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో, బాపట్ల హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు సింధు కోసం రాహేలు పచ్చడి పెట్టింది. చల్లారేలోపు వచ్చేద్దామని ప్రార్థన కూడికకు వెళ్లింది. వచ్చి, పాటలు పాడుకుంటూనే సీసాలకెత్తేసింది. ఉపవాస దినాల్లో మాంసం ముట్టదు కనుక రుచి చూడలేదు. ఒక సీసా సింధుకు పంపి, ఒకటి ఇంట్లో ఉంచింది.

ఈస్టరు ఆరాధన నుంచి వచ్చి, వేడన్నంలో ఆ పచ్చడి కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పుంది, కారముంది, పులుపు లేదు. ముద్ద ఉమ్మేసి, భర్త లాజరు ముందున్న కంచం లాగేసింది.

"ఏంటే, పిచ్చా?"

"తినమాక! నిమ్మరసం కలపలా!"

సింధు ఫోను ఎత్తలేదు. బస్సులో బాపట్ల దాకా రాహేలు చేస్తూనే ఉంది. ఒక్కో రింగుకీ ప్రాణం పోయి వస్తోంది.

హాస్టలు గుమ్మంలోనే సింధు ఎదురైంది. ఫోను గదిలో వదిలి చర్చికి వెళ్లిందట.

"పచ్చడి తిన్నావా?"

"లేదమ్మా. నాకూ ఉపవాసమేగా. ఇవాళ తిందామని ఉంచా."

రాహేలు మెట్ల మీద కూలబడి దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. ఆ మాట నోట్లో ఉండగానే సింధు గదిలో ఉండే ఉమామహేశ్వరి బయటికి వచ్చింది.

"ఆంటీ, ఈసారి పచ్చడి భలే ఉంది! పులుపు లేదుగా, నిన్న సగం సీసా నేనే లాగించేశా."

నా బిడ్డకు తప్పిందని అప్పటిదాకా మురిసినందుకు రాహేలుకు తన మీద తనకే అసహ్యం వేసింది. సీసా ఒక చేత, ఆ పిల్ల చెయ్యి ఒక చేత పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

డాక్టరు పరీక్షించి, "ఇప్పటికైతే ఏమీ లేదమ్మా. ఉంచి చూద్దాం," అన్నాడు. తనకేమీ కాలేదని, అనవసరంగా హడావిడి చేస్తున్నారని ఉమామహేశ్వరి నవ్వుతూనే ఉంది. రాహేలు మంచం పక్కన స్టూలు వేసుకుని, ఆ పిల్ల రెప్పల మీంచి చూపు తిప్పలేదు.

సాయంత్రం సింధు టీ తేవడానికి వెళ్లింది. ఉమామహేశ్వరి కళ్లు నులుముకుంది. మళ్లీ నులుముకుంది.

"ఆంటీ, మీ పక్కన ఇంకొకావిడ కూర్చుంది, ఎవరండి?"

రాహేలు పక్కన ఎవరూ లేరు.